సీమ స్త్రీల చలికాలపు సింగారమును, మన మగ్గమును

నేతపని మన కులమునకు జీవనాధారము. నేసినవానికి కూలి యెంత, అమ్మినవానికి లాభమెంత యను ప్రశ్నలు మన సభలలో తరచుగ వినవచ్చుచున్నవి. కాని గుడ్డను కట్టువారి రుచి యెట్లు పుట్టును, ఎట్లు మారును, ఆ మార్పు ఎక్కడనో యున్న నేతగాని పొయ్యి నెట్లు ఆర్పును అను ప్రశ్నయు అంతే ముఖ్యమైనది. దీనికి నిదర్శనముగ పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో స్త్రీలు చలికాలమందు ధరించిన వస్త్రముల చరిత్రను సంగ్రహముగ విన్నవించెదను.

తాండవనదికి ఒక యొడ్డున తునియు, రెండవ యొడ్డున పాయకరావుపేటయు నున్నవి. ఈ సముద్రతీర సీమలో చలియనునది మార్గశిర పుష్యమాసముల ముచ్చట మాత్రమే. మన పూర్వ స్త్రీలకు చీరచెంగే చలికి మొదటి కాపు. వేకువను దుప్పటి, రాత్రి పాతచీరలతో కుట్టిన బొంత, పొలమునకు పోవువారికి గొంగళి, ఇంతియే వారి సంభారము. నర్సీపట్నమునకు ఎగువనున్న చింతపల్లి, లంబసింగి ప్రాంతముల మంచుతో పోల్చిన మన చలి చలియే కాదు. శాలువ యన్నది సంస్థానములలో పండితులకు గౌరవముగ కప్పునదియే గాని సామాన్య గృహిణి పెట్టెలోని వస్తువు కాదు.

సీమలో సంగతి వేరు. అచ్చటి చలి యెముకలు కొరుకునది. అయినను 1800 ప్రాంతమున ఇంగ్లాండు, ఫ్రాన్సు దేశముల సంపన్న స్త్రీలు, గ్రీకు శిల్పముల ననుకరించి, రొమ్ము క్రిందనే నడుము కట్టిన పలుచని తెల్లని మల్లు దుస్తులను శీతకాలమందును వేడుకగ ధరించిరి. వేషము విడువలేరు, చలికి ఓర్వలేరు. కావున పైవస్త్రములు వచ్చినవి. నడుము దాక వచ్చు పొట్టి చొక్కాయకు స్పెన్సరు ప్రభువు పేరు కలిగెను. ‘పెలీసు’ అను పొడుగు అంగరకాకు లోపల బొచ్చుతోలు కుట్టించుకొనిరి. చేతులు దాచుకొనుటకు బొచ్చుసంచులును ఉండెను. వీనియన్నిటిని మించినది కాశ్మీర శాలువ. నెపోలియను 1798లో ఈజిప్టుపై దండెత్తిన పిమ్మట ఫ్రాన్సులో దీనిపై మోజు ప్రబలెను. ఆయన భార్య జోసెఫీను శాలువలు విస్తారముగ సేకరించెను. వానితోనే కుట్టిన దుస్తులను ధరించిన యామె రూపమును గ్రో యను చిత్రకారుడు చిత్రించెను.

ఆ శాలువ యెట్టిది? చాంగ్‌తాంగు ఎత్తుభూములలోని మేకల మెత్తని లోపలి నూగును తెచ్చి, స్త్రీలు వడికి, పురుషులు చిన్న చిన్న కఱ్ఱకండెలతో రంగురంగుల పేకను చొప్పించి నేయునది. మేలిరకము ఒక్కటి ముగియుటకు ఏడాదియు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టెడిది. పని త్వరపడుటకై తునకలను వేర్వేరు మగ్గములపై నేసి, రఫూగర్లు అతుకు కానరాకుండ కుట్టుటయు ఆనాడే ప్రబలెను. అంత శ్రమకు నేతగానికి దక్కినదెంత? శాలువలపై ప్రభుత్వము ముద్రవేసి వసూలుచేయు పన్ను అతనిని క్రుంగదీసెను. 1846 నాటి అమృతసర్ సంధిలో కాశ్మీర రాజు బ్రిటిషువారికి ఏటేట చెల్లింపవలసిన కప్పములో మూడుజతల శాలువలును చేర్పబడెను. రాజులకది గౌరవచిహ్నము, నేసినవానికి తీరని ఋణము.

మోజు పెరిగిన కొలది అనుకరణయు పెరిగెను. నార్విచ్, ఎడింబరో, పెయిస్లీ పట్టణములలో చౌక శాలువలు నేయ మొదలిడిరి. ఫ్రాన్సు దేశీయుడు జకార్డు కల్పించిన మగ్గపు సాధనము చిత్రమైన నేతను సులభము చేసెను. మనము మామిడిపిందె యని పిలుచు కాశ్మీరపు బుటాకు పాశ్చాత్యులు ‘పెయిస్లీ’ యను పేరే స్థిరపరచిరి. వస్తువుతోపాటు పేరును పోయెను. తుదకు 1870 ప్రాంతమున స్త్రీల దుస్తుల తీరు మారి, వెనుకవైపు ఎత్తుగ కుట్టిన పావడలు వచ్చుటతో, శాలువ యమరక మూలబడెను. 1870–71లో ఫ్రాన్సు, ప్రష్యాల నడుమ జరిగిన యుద్ధముతో ఆ బేరమును దెబ్బతినెను. పారిసులో దర్జీ కత్తెర మారగా శ్రీనగరమున మగ్గములు నిలిచినవి.

ఇట్టి గతియే మన తీరమునకును పట్టెను. విశాఖపట్టణ మండలమున నేసిన పుంజముగుడ్డ ఆ కాలమున ప్రసిద్ధము. పుంజమనగా 120 పడుగుపోగులు. పదునాలుగు పుంజముల గుడ్డకు 1,680 పోగులు; నలుబది పుంజముల గుడ్డకు 4,800. ఇంజరము, మాధవాయపాలెము మొదలగు చోట్ల కంపెనీవారి వర్తకశాలలుండెను. మాధవాయపాలెము పేరే ‘మాడపొల్లం’ అను గుడ్డకు పేరై సీమకెక్కెను. నీలి అద్దిన మన గుడ్డలు లండను మీదుగ వెస్టిండీసు దీవులకు పోయి బానిసల ఉడుపులైనవి. ఒకే కాలమున ఈ దేశపు నేత చలిదేశపు రాణికి సింగారమును, ఎండదీవుల బానిసకు ఆచ్ఛాదనమును అయ్యెను. 1833 నాటి చట్టముతో కంపెనీ వర్తకము ముగిసెను. మరుసటి యేట ఆ దీవులలో బానిసత్వ విమోచనము ఆరంభమాయెను. విమోచనము లోకమునకు శుభమే. కాని దానితో మన గుడ్డకు ఒక అంగడి పోయెను. అంతకు ముందే సీమ మరనూలు, మరగుడ్డ దిగుమతియై, ఇంటింట రాట్నము త్రిప్పి నాలుగు డబ్బులు గడించు స్త్రీల చేతిపనిని హరింప మొదలిడెను. వితంతువులకును, బీదరాండ్రకును అది యొక్కటే యాధారమని మరువరాదు.

ఈ చరిత్రవలన గ్రహింపదగినది రెండు విషయములు. మొదటిది, దూరదేశపు మోజుపై మాత్రమే ఆధారపడు నేత నీటిమీది బుడగ వంటిది. రెండవది, నేర్పు మనదైనను పేరు పరులదైనచో ఫలము పరులకే చేరును. ఇప్పుడు ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు చట్టరీత్యా లభించియున్నది. కాశ్మీర పష్మీనాకును అట్లే లభించినది. పాయకరావుపేట మగ్గముల పనితనమునకును ఆ రక్షణ యవసరము. కట్టువారి రుచి నెఱిగి, నూలుకొనుగోలు, అమ్మకము సహకార సంఘములద్వారా తామే నిర్వహించుకొన్ననాడు, ఎచ్చటనో ఋతువుతోపాటు వేషము మారినను మన యింటి పొయ్యి ఆరదు. కులపెద్దలును, పోషకులగు దాతలును ఈ విషయమును సభలో చర్చించి కార్యరూపమున పెట్టుదురుగాక!