అమ్మకం కూడా సేద్యమే

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లకు 2024లో పాతికేళ్లు నిండాయి. ఆ పాతికేళ్ల గురించి అనంతపురం జిల్లా నుంచి చెప్పవలసిన మాట ఒకటుంది. పంట పండించడం తెలిసిన రైతుకు అమ్మడం కూడా నేర్పితేనే కరువు సీమలో సేద్యం నిలుస్తుంది. ఈ పాతికేళ్ల అనుభవం చెప్పేది ఇదే.

దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో అనంత ఒకటి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి ఇక్కడికి చేరేసరికే నీరసిస్తుంది, ఈశాన్యం అంతంత మాత్రం. ముంగారు వానను నమ్ముకుని లక్షల ఎకరాల్లో శెనక్కాయ వేసిన ఈ నేలలో పంట చేతికొచ్చిన రోజే రైతుకు అసలు కష్టం మొదలయ్యేది. విత్తనానికి, ఎరువుకు అప్పిచ్చిన వ్యాపారికే కాయలు తోలాలి. ఆయన చెప్పిందే ధర. కూరగాయలైతే మండీలో కమీషన్, తరుగు. చీనీకైతే తూకంలో ‘సూటు’ పేరుతో మరో కోత. సరుకు రైతుదే అయినా తూకం, ధర, లెక్క ఏవీ అతని చేతిలో ఉండేవి కావు.

ఈ మూడింటినీ రైతు చేతికి ఇవ్వడానికే రైతుబజారు వచ్చింది. పంజాబ్, హర్యానాల్లో 1980లలోనే ఇలాంటి ‘అప్నీ మండీ’లు నడిచాయి. మన తరువాత, అదే 1999 నవంబరులో, మదురైలో తమిళనాడు తొలి ‘ఉళవర్ సందై’ తెరిచింది. మన దగ్గర మార్కెటింగ్ శాఖ వేసిన పద్ధతి సరళమైనది. ఊళ్లో విచారించి, పొలం చూసి, నిజంగా సాగుచేసే వారికి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు. బజారులో చోటుకు అద్దె లేదు, మార్కెట్ రుసుము లేదు. టోకు ధర కంటే ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఉండేలా ప్రతి ఉదయం ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. దాంతో అమ్మేవారికీ కొనేవారికీ మేలే.

అయితే కార్డు చేతికి రాగానే రైతు వ్యాపారి అయిపోడు. మూటలకు మూటలు ఒకేసారి తోలే అలవాటున్న మనిషి అరకిలో, పావుకిలో తూచాలి. నలిగిన టమోటాను, పుచ్చు వంకాయను ముందే ఏరి పక్కన పెట్టాలి. ఎకరమంతా ఒకేసారి విత్తితే పది రోజుల్లో సరుకు అయిపోతుంది. అదే మడులుగా విడదీసి వారం తేడాతో విత్తుకుంటే సీజనంతా బజారుకు రావచ్చు. అమ్మకం అవసరమే ఈ విధంగా విత్తే పద్ధతిని మార్చింది. నిన్న కొన్న ఇల్లాలు ఇవాళ మళ్లీ అదే గంప దగ్గరికి రావాలంటే తూకం ఎంత నికార్సుగా ఉండాలో రైతులు, ముఖ్యంగా మహిళా రైతులు, అంగట్లో కూర్చునే తెలుసుకున్నారు.

రైతుబజారుకు ఒక హద్దు కూడా ఉంది. బోరులో నీళ్లుండి, పట్నానికి దగ్గరున్న వారికే అది ఎక్కువ మేలు చేసింది. దూరపు పల్లెల్లో మెట్ట చేలలో కొర్ర, సామ, కంది పండించేవారి మాటేమిటి? కొర్రలు పొట్టు తీయందే వంటింటికి పనికిరావు. గంపలో పెట్టుకుని అమ్మే సరుకు కాదది.

ఈ ప్రశ్నకు అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లిలో జవాబు దొరికింది. అక్కడ 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ బీడు నేలను బాగుచేయడం, మహిళా పొదుపు సంఘాలు కట్టడం వంటి పనుల తరువాత సేంద్రియ సాగును చేపట్టింది. 2008లో రైతులే సభ్యులుగా ‘ధరణి’ సహకార సంఘం ఏర్పడింది. ఇక్కడ అమ్మకం పాఠం కళ్లంలోనే మొదలవుతుంది. ధాన్యం బాగా ఆరబెట్టాలి, మట్టిగడ్డలు ఏరాలి, మందు కొట్టిన చేను పంట కలవకుండా చూడాలి. ఒకరి చేనును మరొకరు తనిఖీ చేసి హామీ పడతారు. నాణ్యత గురించి పైనుంచి ఎవరో వచ్చి చెప్పనక్కర లేకుండా పక్క చేను రైతే చెబుతాడు. ఆ సరుకును సంఘమే కొని, శుభ్రం చేసి, పొట్టు తీసి, ప్యాకెట్లు కట్టి తన పేరుతో పట్నాలకు పంపుతుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేనాటికే ఇక్కడి రైతులు ఆ దారిలో చాలా దూరం నడిచారు.

చెన్నేకొత్తపల్లి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా నేల అదే, కరువు అదే, నేర్చిన పాఠమూ అదే.

ఈ పాతికేళ్ల మాట పాత విజయాలు చెప్పుకోవడంతో ముగిసిపోకూడదు. రైతుబజారులో కార్డున్న రైతు చోట మారుబేరగాడు కూర్చోకుండా అధికారులు కాపాడాలి. విత్తనం పంచే ప్రతి ఊళ్లో ఏరడం, తూచడం, నిల్వచేయడం, లెక్క రాయడం కూడా నేర్పాలి. మెట్ట రైతుల కోసం ప్రతి మండలంలో పొట్టు తీసే యంత్రం ఉండాలి. ఇక కొనేవారికి ఒక్క విన్నపం: బోర్డు మీద రాసిన ధర దగ్గర రైతుతో బేరమాడకండి. ఆ ధరలో అతని వచ్చే ఏటి విత్తనం ఉంది.