ఆటగాడి పేరు, కాఫీ అంగడి



గారెకు మధ్యలో చిల్లి ఎందుకు పెడతామో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. లోపలి పిండి కూడా బాగా వేగాలి గదా. అలాంటి చిల్లే పెట్టి, మినప్పిండికి బదులు మైదాతో, ఉప్పుకు బదులు పంచదారతో నూనెలో వేయించి తీసేదాన్ని డోనట్ అంటారు. దాన్ని కాఫీతో కలిపి అమ్మి, దేశం మొత్తాన్ని తనవైపు తిప్పుకున్న ఒక అంగడి కథ ఈవేళ చెప్పుకుందాం. దేశం కెనడా. అంగడి పేరు టిమ్ హార్టన్స్.

టిమ్ హార్టన్ ఐస్ హాకీ ఆటగాడు. టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టులో ఆడుతూ నాలుగుసార్లు స్టాన్లీ కప్పు గెలుచుకున్నారు. అప్పట్లో ఆటగాళ్ళకు ఇప్పటిలా కోట్లు వచ్చేవి కావు. ఆట మానేశాక ఇల్లు గడవాలి. అందుకని వ్యాపారంలో చెయ్యి పెట్టారు. 1964లో హామిల్టన్ పట్టణం, ఆటవా వీధిలో డోనట్ల అంగడి తెరిచారు. హామిల్టన్ ఉక్కు కర్మాగారాల ఊరు. చలి విపరీతం. షిఫ్టు దిగి వచ్చే మనిషికి వేడి కాఫీ, తియ్యటి తిండి కంటే ఇంకేం కావాలి?

మరుసటి ఏడు ఆ అంగడి నడిపే పని రాన్ జాయిస్ అనే ఆయన చేతికి వచ్చింది. ఆయన అదే ఊళ్ళో పోలీసు ఉద్యోగం చేసినవారు. అంగడి నిలదొక్కుకున్నాక, 1967లో ఇద్దరూ సమాన భాగస్వాములయ్యారు. హార్టన్‌ది పేరు, జాయిస్‌ది రాత్రీపగలూ చాకిరీ. కాఫీ కాచిన ఇరవై నిమిషాలు దాటితే పారబోసి కొత్తది కాచాలన్న కట్టుబాటు ఆ అంగళ్ళకు ప్రాణం. మన ఫిల్టరు డికాక్షన్ వాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కరలేదు.

1974 ఫిబ్రవరి 21. అప్పటికి హార్టన్ బఫెలో జట్టులో ఉన్నారు. టొరంటోలో తన పాత జట్టు మీదే ఆడి, రాత్రి కారులో తిరిగి వెళుతూ ప్రమాదంలో చనిపోయారు. వయసు 44. అంగళ్ళు అప్పటికి దాదాపు 40.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంటుంది. భార్య లోరీ వాటాను 1975లో జాయిస్ పది లక్షల డాలర్లకు కొనుక్కున్నారు. అంగళ్ళు వందలు దాటాక ఆమె కోర్టుకెక్కారు. అమ్మిన రోజుల్లో మందులకు అలవాటు పడి తెలివిలో లేనని వాదించారు. 1993లో కోర్టు ఆ దావా కొట్టేసింది. చట్టం ప్రకారం అది సక్రమమైన అమ్మకమే. అయినా మొగుడి పేరు ప్రతి వీధిలో బోర్డు మీద వెలుగుతుంటే, దానిమీద ఏ హక్కూ లేకుండా ఆ వీధుల్లో నడవడం ఎలాగుంటుందో ఊహించుకోండి. చిత్రమేమంటే, హార్టన్ కూతుళ్ళలో ఒకామె జాయిస్ కొడుకునే పెళ్ళాడింది.

1976లో డోనట్ చిల్లిలోంచి తీసినట్టుండే గుండ్రటి ఉండలు టిమ్‌బిట్స్ పేరుతో వచ్చాయి. పిల్లలు ఎగబడ్డారు. రెండు క్రీము, రెండు చక్కెర వేసిన కాఫీని అక్కడ ‘డబుల్ డబుల్’ అంటారు. 2004లో ఆ మాట కెనడా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. పరభాషల నడుమ బతికే మనలాంటివాళ్ళు ముచ్చటపడే సంగతి ఇంకొకటుంది. పేరులో మొదట ఉన్న ఇంగ్లీషు అపాస్ట్రఫీ గుర్తును, క్యుబెక్‌లోని ఫ్రెంచి భాషా చట్టం కారణంగా కంపెనీ తీసేసింది.

1995లో కంపెనీ అమెరికాకు చెందిన వెండీస్‌లో కలిసింది, 2006లో విడివడింది, 2014లో బర్గర్ కింగ్‌తో ఒకే గొడుగు కిందికి చేరింది. యజమానులు ఎన్నిసార్లు మారినా కెనడావాళ్ళు ఇప్పటికీ ‘మా టిమ్స్’ అనే అంటారు. చదువుకోసం అక్కడికి వెళ్ళిన మన పిల్లల్లో ఎంతోమందికి మొదటి జీతం ముట్టింది ఆ కౌంటరు వెనకే. 2022లో ఢిల్లీ ప్రాంతంలోనూ ఆ అంగడి తెరిచారు. ఆ బోర్డు చూసి లోపలికి వెళ్ళేవారిలో, అది ఒక హాకీ ఆటగాడి పేరని తెలిసినవారు ఎందరో!