ఆవకాయ జాడీ - అయిదు నిమిషాల మౌనం

మా మనవరాలు పదో తరగతి పాసయింది. సంతోషమే కాని, ఆ మర్నాటినుంచీ మా ఇంట్లో ఒకటే చర్చ. పిల్లని హాస్టల్లో వెయ్యాలా, వద్దా?

దిల్‌సుఖ్‌నగర్‌లో కాపరముంటూ హాస్టల్ మాట తప్పించుకోవడం ఎవరితరం చెప్పండి! ఏ సందులోకి తొంగిచూసినా హాస్టల్ బోర్డే. బాల్కనీలనిండా తువ్వాళ్ళు, మెట్లమీద చెప్పుల గుట్టలు. మా అమ్మాయి "వేద్దామమ్మా" అంటుంది. అల్లుడు "మీ ఇష్టం" అంటాడు. అంటే అతనికి ఇష్టం లేదన్నమాట. పిల్ల మాత్రం నా పక్కన చేరి, "నువ్వు హాస్టల్లో చదివావుగా అమ్మమ్మా, ఎలా ఉంటుంది?" అని అడిగింది.

చటుక్కున జవాబు చెప్పలేకపోయాను. అరవై ఏళ్ళ కిందటి మాట మరి.

మా ఊళ్ళో బడి అయిదో తరగతితో ఆఖరు. ఆడపిల్లకి అంతకన్నా ఎందుకని మా నాయనమ్మ, చదవాల్సిందేనని మా నాన్న. నాన్నే గెలిచారు. 1963లో, నా పదో ఏట, ఒక ట్రంకుపెట్టె, బొంత, కంచం, గ్లాసుతో నన్ను కోస్తాలో ఒక చిన్న పట్నంలో ఉన్న ఆడపిల్లల హాస్టల్లో దింపి వెళ్ళారు. నలభై మందిమి. తెల్లవారకుండానే గంట. ఎవరి కంచం వాళ్ళు కడుక్కోవాలి, వంతులవారీగా వాకిలి ఊడవాలి, కూరలు తరగాలి, మరుగుదొడ్లు కూడా కడగాలి. డబ్బున్న రైతు కూతురికీ అదే చీపురు, బంట్రోతు కూతురికీ అదే చీపురు.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం మౌనం ఒక ఎత్తు. దీపాలు పెట్టాక మా వార్డెనమ్మగారు అందర్నీ చాపలమీద కూచోబెట్టేవారు. పాట లేదు, శ్లోకం లేదు, ఉపన్యాసం లేదు. ఊరికే అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూచోవడం. పదేళ్ళ పిల్లలకి అంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా? ఎవరికో నవ్వొచ్చేది, ఇంకెవరికో తుమ్మొచ్చేది. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని కదలకుండా కూచునేవారు.

ఆ మౌనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. ఆవిడ సేవాగ్రాంలో శిక్షణ పొంది వచ్చిన మనిషి. చేతిపనితోనే చదువు చెప్పాలన్న గాంధీగారి 'నయీ తాలీమ్' అక్కడ నడిచేది. అక్కడ ఉపాధ్యాయుల్ని తయారుచేసిన వాళ్ళలో మార్జొరీ సైక్స్ అనే ఇంగ్లీషావిడ ఒకరు. 1905లో పుట్టిన ఆవిడ 1928లో మద్రాసు వచ్చి బెంటింక్ బాలికల హైస్కూల్లో పంతులమ్మగా చేరారు. ఈ దేశంలో ఉండగానే క్వేకర్లలో కలిశారు. టాగోర్ శాంతినికేతన్‌లో పనిచేశారు, తరవాత సేవాగ్రాం వెళ్ళారు. మా మౌనానికి పుట్టిల్లు క్వేకర్లు, మా చీపురికి పుట్టిల్లు గాంధీగారు అన్నమాట!

క్వేకర్లంటే వణికేవాళ్ళని అర్థం. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరే స్థిరపడింది. పదిహేడో శతాబ్దంలో జార్జి ఫాక్స్ అనే ఆయన ఇంగ్లండులో మొదలుపెట్టిన క్రైస్తవ శాఖ ఇది. వాళ్ళ ప్రార్థనకి పురోహితుడు అక్కర్లేదు. అందరూ కలిసి మౌనంగా కూచుంటారు. లోపల్నించి మాట వస్తే ఎవరైనా సరే, ఆడవాళ్ళయినా సరే, లేచి చెప్పొచ్చు. రాకపోతే నిశ్శబ్దమే.

వాళ్ళ గురించి నాకు భలే నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ రోజుల్లో ఇంగ్లీషులో కూడా మనకి మల్లే నువ్వు, మీరు అని రెండు మాటలుండేవి. గొప్పవాళ్ళని 'మీరు' అనాలి. క్వేకర్లు మాత్రం జమీందారుని, జడ్జిని కూడా 'నువ్వు' అనేవారు. దేవుడిముందు అందరూ ఒకటేనని వాళ్ళ వాదన. ఎవరి ముందూ టోపీ తీసేవారు కారు. ఆ పెంకితనానికి జైళ్ళకి కూడా వెళ్ళారు. అదేం అంత పెద్ద సంగతంటారా? రేపొద్దున మీ మామగారిని ఒక్కసారి 'నువ్వు' అని చూడండి, తెలుస్తుంది!

ఈ క్వేకర్లు 1779లో యార్క్‌షైర్‌లో ఆక్‌వర్త్ అనే చోట బోర్డింగు స్కూలు పెట్టారు. పెట్టించినవాడు జాన్ ఫాదర్‌గిల్ అనే లండన్ డాక్టరు. అంత కలవాళ్ళు కాని క్వేకర్ల పిల్లలకోసం అది. మొదటినుంచీ మగపిల్లలతో బాటు ఆడపిల్లల్నీ చేర్చుకున్నారు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. తరవాత పార్లమెంటులో మన దేశం తరఫున గట్టిగా మాట్లాడిన జాన్ బ్రైట్ అక్కడ చదువుకున్నవాడే. ఆ భవనం అంతకుముందు, తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలకోసం కట్టిన అనాథాశ్రమం. అది మూతపడితే వీళ్ళు కొని బడి చేశారు.

ఇది చదివినప్పుడు నాకు మన పక్కనున్న వి.ఎం. హోమ్ గుర్తొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌నుంచి ఎల్.బి. నగర్ వెళ్ళే మెట్రోలో చైతన్యపురి దాటగానే 'విక్టోరియా మెమోరియల్' అని వినిపిస్తుంది. ఎంతమంది తలెత్తి చూస్తారో గాని, ఆ పేరు వెనక ఉన్నవాళ్ళు పిల్లలే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సరూర్‌నగర్‌లో కట్టించిన భవనాన్ని, 1901లో విక్టోరియా రాణి పోయాక ఆవిడ పేరుమీద అనాథ పిల్లలకి ఇచ్చేశారు. అక్కడ అనాథాశ్రమం బడి అయింది, ఇక్కడ రాజుగారి మేడ అనాథలకి ఇల్లయింది. అక్కడినుంచి ఇంకొంచెం ముందుకి, చౌటుప్పల్ వైపు పోతే సర్వేల్. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో మొదటి గురుకుల పాఠశాల పెట్టింది ఆ ఊళ్ళోనే. ఇలాంటి చోట్ల గంట కొట్టగానే లేచిన పిల్లలెందరో!

అయితే పరగడుపున పంచదార పెట్టినట్టు మంచే చెబితే మనవరాలికి అన్యాయం చేసినదాన్నవుతాను. ఆక్‌వర్త్‌లో చాలా ఏళ్ళపాటు పిల్లల్ని సెలవులకి ఇంటికి పంపే ఆచారమే లేదట. సమానత్వం గురించి అంత ఆలోచించిన పెద్దమనుషులకి, ఎనిమిదేళ్ళ పిల్లకి అమ్మ మీద బెంగ పుడుతుందని తోచలేదు. మా హాస్టల్లోనూ అంతే. ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు ముందు ఆఫీసువాళ్ళు చదివేవాళ్ళు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాయనమ్మ పోయింది. ఆ కబురు పరీక్షలయ్యాక, పదకొండో రోజున చెప్పారు. నా చదువు పాడవకూడదనే, కాదనను. కాని ఆ కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు.

మరి మౌనం ఏం నేర్పింది? ఒక్క సంగతి చెప్తాను. ఇంటినుంచి వచ్చిన తినుబండారం ఏదైనా అందరి ముందూ పెట్టాలని మా హాస్టల్లో నియమం. ఒకసారి అమ్మ ఆవకాయ జాడీ పంపింది. ఇయ్యబుద్ధి కాలేదు. పరికిణీల కింద ట్రంకుపెట్టెలో దాచాను. ఆవకాయ దాగుతుందా! రెండోరోజుకి నూనె ఊరి, పరికిణీలు ఎర్రబడి, గదంతా ఘుమఘుమ.

ఆ సాయంత్రం వార్డెనమ్మగారు, "ఇవాళ ఆవకాయ వాసన వస్తోంది. రండి, కూచుందాం" అన్నారు. అంతే. ఎవరిదని అడగలేదు, పెట్టెలు వెతకలేదు. నా పక్కన ఒక పిల్ల కూచుంది. ఆ పిల్లకి తల్లి లేదు. ఇంటినుంచి ఒక్కనాడూ ఏమీ వచ్చేది కాదు. నేను చేరిన కొత్తలో రాత్రిళ్ళు ఏడుస్తుంటే లేచివచ్చి నా బొంతమీద కూచునేది ఆ పిల్లే. ఆ అయిదు నిమిషాల్లో నాకు వార్డెనమ్మగారి భయం కాస్తా పోయింది. పక్కనున్న పిల్ల వైపు చూడ్డానికే ధైర్యం చాల్లేదు.

లేచివెళ్ళి జాడీ తెచ్చి మధ్యలో పెట్టాను. ఆవిడ "అన్నం వేడిగా ఉందా?" అని వంటావిణ్ణి అడిగారు. నలభై మందికి ఒక్కపూట వచ్చింది. ఖాళీ జాడీలో అన్నం కలిపింది ఆ పిల్ల. మొదటి ముద్ద నాకే పెట్టింది.

ఈ కథంతా చెప్పాక మనవరాలు ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులాగి, "నేను వెళ్తానమ్మమ్మా" అంది. సరే, ముగ్గురం వెళ్ళి ఒక హాస్టల్ చూశాం. "ఇక్కడ పిల్లలు ఏం పని చేస్తారు బాబూ?" అని అడిగాను. "పనెందుకండీ, అన్నీ మేమే చేసిపెడతాం, చదువుకోవడమే" అన్నాడా అబ్బాయి గర్వంగా. "పోనీ, ఊరికే కూచునే టైమేమైనా ఉందా?" అన్నాను. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది.

ఆ మర్నాడు ఇంకో రెండు చూశాం. చివరికి గదికి నలుగురుండే చోటు, ఆదివారం పిల్లలే వండుకోనిచ్చే చోటు ఒకటి దొరికింది. మా అమ్మాయి చేత ఒట్టు వేయించుకున్నాను. ఇంట్లో మంచైనా చెడైనా, చివరికి నాకేమైనా సరే, పరీక్షలున్నా సరే, పిల్లకి ఆ రోజే చెప్పాలని.

నిన్న దిల్‌సుఖ్‌నగర్ బజారుకి జాడీ కొనడానికి వెళ్ళాను. "ఎంతమందికమ్మా?" అని అడిగాడు కొట్టతను.

"నలుగురికి" అని, మళ్ళీ ఆలోచించి, "కాస్త పెద్దదే ఇవ్వు" అన్నాను.