పర్యావరణ హిత వస్తువుల కొనుగోలు: గమనించవలసిన అంశాలు

సోమలలోని చిల్లర అంగడిలో కొన్నా, మదనపల్లె పట్టణంలో కొన్నా, వస్తువుపై "పర్యావరణ హితం" అన్న మాట ఒక్కటే ప్రమాణం కాదు. నిబంధనలు కోరిన వివరాలు ఉన్నవో లేవో పరిశీలించనిచో, వినియోగదారుడు అదనపు ధర చెల్లించి తిరిగి ప్లాస్టిక్‌నే ఇంటికి తెచ్చుకొనే అవకాశం ఉంది.

చేతిసంచులు: 120 మైక్రాన్ల కంటె పలుచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. గుడ్డను పోలిన నాన్‌వోవెన్ సంచులు సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో తయారైనవే. ఇవి చదరపు మీటరుకు కనీసం 60 గ్రాముల బరువు ఉండాలి. నూలు, జనపనార సంచులను పలుమార్లు వాడినపుడే ప్రయోజనం సిద్ధిస్తుంది.

విందు సామగ్రి: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. కాగితపు గ్లాసులలో పెక్కింటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. విస్తరాకులు, అరటి ఆకులు, స్టీలు గ్లాసులు మేలైనవి.

కంపోస్టు కాగల సంచులు: వీటి తయారీదారులకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తప్పనిసరి. ఇవి పెరటి పెంటకుప్పలో వేసినంతనే కుళ్ళిపోవునని భావించరాదు.

ఎకోమార్క్: 1991లో మట్టికుండ చిహ్నంతో ఆరంభమైన ఈ పథకం స్థానంలో 2024 సెప్టెంబరులో నూతన నియమాలు వెలువడినవి. సబ్బులు, కాగితం వంటి నిత్యావసర వస్తువులపై ఈ గుర్తును చూసి కొనుగోలు చేయవచ్చును.