పిల్లల చేష్టలు – ఇంద్రియములు



నేను ఉద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో నా తరగతిలో ఒక కమ్మరివారి పిల్లవాడుండెను. వసారాలో వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కపై గంట కొట్టగానే వాడు రెండు చెవులు మూసికొని బల్లక్రిందికి దూరెడివాడు. తక్కిన పిల్లలు నవ్వెడివారు. నేనది పొగరనుకొంటిని. ఒకనాడు వాని చేతులు లాగివేసి బెత్తముతో కొట్టితిని. వాడు ఏడ్వలేదు; మరునాటినుండి బడికి రాలేదు. నాకంటె నూటయెనుబదేండ్లకు పూర్వమే ఒక వైద్యుడు ఇట్టి చిక్కు నెదుర్కొని, బెత్తము పట్టక పరీక్ష చేసెనని చాల కాలమునకు గాని నాకు తెలియలేదు.

1800వ సంవత్సరము జనవరి మాసమున ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమందలి ఆవెరాన్ మండలములో, అడవినుండి ఒక బాలుడు బయటికి వచ్చెను. పండ్రెండేండ్లవాడుగా కనబడెను. మాటలు రావు, ఒంటిపై బట్ట నిలువనీయడు. పారీసునకు కొనిపోగా పీనెల్ అను సుప్రసిద్ధ వైద్యుడు చూచి, వీడు మతిలేనివాడు, బాగుపడడని తేల్చెను. ఆ నగరమున మూగచెవిటివారి పాఠశాలలో వైద్యుడుగా నుండిన ఇటార్, అప్పటికి ఇరువదియాఱేండ్ల యువకుడు, ఆ తీర్పునకు తలయొగ్గలేదు.

ఆతడు కనిపెట్టిన వింత వినుడు. బాలునిచెంత పిస్తోలు ప్రేల్చినను వాడు వెనుదిరిగి చూడడు. అక్రోటుకాయ చిట్లిన చప్పుడైనచో వెంటనే తల త్రిప్పును! నిప్పులలోని దుంపలను వట్టిచేతితో తీసి తినును. చెవిటివాడా? కాదు. అడవి బ్రదుకునకు పనికివచ్చిన దానినే వాని యింద్రియములు పట్టినవి. తక్కినది వానికి లేనట్లే. ఆత్మ మనస్సుతోను, మనస్సు ఇంద్రియముతోను, ఇంద్రియము వస్తువుతోను కూడిననే గాని జ్ఞానము కలుగదని మేము తర్కమున చదువుకొంటిమి. పరీక్షలో వ్రాసితిమి. తరగతిగదిలో దానిని వాడవచ్చునని మాత్రము నాకు తోచలేదు.

ఇటార్ వానికి ప్రతిదినము గంటలకొలది వేడినీటి స్నానము చేయించెను. కొంతకాలమునకు బాలుడు వ్రేలితో నీటివేడి చూచి, చల్లారినచో దిగనని మొరాయింప సాగెను. శిష్యుడు మొరాయించిన సంతోషించిన గురువు మరియొకడుండునా? పిమ్మట వానికి చలి తెలిసెను; బట్టలు తానే తొడిగికొనెను. అయిదేండ్లు శ్రమించినను మాటలు మాత్రము అలవడలేదు. గెరాన్ అను ఇల్లాలు వానిని 1828లో మరణించువరకు సాకెను.

ఇటార్ శిష్యుడు సెగాన్, మందమతులైన బాలురకు ఇంద్రియముల ద్వారమున విద్య గరపెను. ఇరువురి గ్రంథములను ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి తన చేతితో స్వభాషలోనికి వ్రాసికొని చదివెను. 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు పేదలపేటలో బాలగృహము తెరచెను. అచట మూడేండ్ల పసిపిల్ల యొకతె కొయ్యగుండ్లను గుంటలలో అమర్చుచు, తీయుచు, మరల అమర్చుచుండెను. ఆమె లెక్కించెను: నలువదినాలుగు మారులు! ప్రక్కన పిల్లలు పాడుచున్నను ఆ శిశువు తల యెత్తలేదు. అట్టి పిల్లను ‘చాలు, లే’ యని మేమెందరిని లేపితిమో! 1939లో ఆమె మదరాసునందలి అడయారునకు వచ్చి, యుద్ధమువలన 1946 వరకు ఈ దేశముననే నిలిచి ఉపాధ్యాయులకు తరిఫీదు నిచ్చెను. నాడు కోస్తా, సీమ జిల్లాలు మదరాసు రాజధానిలోనివే. అంత చేరువకు వచ్చిన విద్య మా బడి గడప దాటలేదు.

మనము పంచేంద్రియములందుము. శరీరశాస్త్రజ్ఞులు మరికొన్ని చూపిరి. లోచెవిలో ఒడలి తూకము తెలుపునది యొకటి. కండరములలో, కీళ్లలో నుండి కాలు సేతుల ఉనికి తెలుపునది యొకటి. ఈ వార్తలను మెదడు సరిగా కూర్చుకొనలేనిచో ఆ తికమకయే అల్లరిగా, భయముగా బయటపడునని అమెరికాలో జీన్ ఏయర్స్ అను విదుషి 1972లో ఒక గ్రంథమున వాదించెను. ఆమె చికిత్సలో ఊయలలున్నవి, ఎక్కుటయు, దుముకుటయు నున్నవి. మన కోతికొమ్మచ్చి చూచిన ముచ్చటపడియుండును. వైద్యులందరు దీని నంగీకరింపలేదు. దీనిని వేరొక రోగముగా పేర్కొనవలదని అమెరికా శిశువైద్యుల సంఘము 2012లో హెచ్చరించెను. అయినను ఆటిజము లక్షణములలో చప్పుడు, స్పర్శ మొదలగువానిని మిక్కిలిగానో తక్కువగానో అనుభవించుటను 2013లో అచ్చటి మనోవైద్యులు చేర్చిరి.

నేను ఆ పిల్లవానిని పిలుచుకొని రాదలచి వాని యింటికి పోయితిని. తండ్రి దాగలిపై ఇనుము సాగగొట్టుచుండెను. మా గంటకంటె పెద్ద చప్పుడు! వాడు చెవులు మూసికొనలేదు. ప్రక్కనే కూర్చుండి కొలిమితిత్తి లాగుచుండెను. ‘చూడుము, బడిగంటకే వీనికి చెవులు నొచ్చునట!’ యని తండ్రితో ఎత్తిపొడిచితిని. వాని కన్నులు తండ్రి సమ్మెట మీదనే యున్నవి. అది పైకి లేచినపుడు వాడు ఊపిరి బిగబట్టుచుండెను, పడినపుడు విడుచుచుండెను. నేనది చూచితిని, చూచియు తిరిగి వచ్చితిని.