వైద్యుని యింటికి పోకముందు



నేడు మన గ్రామములలో నెవరికైనను నొప్పి తోచినచో మొదట చేయు పని వైద్యునియొద్దకు పోవుట కాదు, చేతిలోని ఫోనును తెఱచుట. చదువుకొన్న మనుమడు దానిలో రెండు మాటలు వ్రాయును. క్షణములో వందలకొలది సమాధానములు వచ్చి నిలుచును. పెద్దలలో కొందఱు దీనిని చూచి కలికాలపు వింత యని నవ్వుదురు. కొందఱు దానినే వేదవాక్యముగ గైకొందురు. నా మనవి యేమనగా, ఇది వింతయు కాదు, క్రొత్తయు కాదు. వైద్యుని నడుగకయే వైద్యమును తెలిసికొనవలెనను కోరిక మిక్కిలి పాతది. దాని మేలును కీడును నాటినుండియు కలిసియే నడచుచున్నవి. ఆ చరిత్రలోని కొన్ని ఘట్టములను మీకు విన్నవింతును.

పూర్వము వైద్యము తాళపత్రములలో నుండెను. ఆ పత్రములు వైద్యకుటుంబముల యిండ్లలో నటుకలమీద నుండెడివి. తండ్రి కొడుకునకు, గురువు శిష్యునకు చెప్పుటయే కాని యితరుల కవి యందెడివి కావు. ఈ దాపఱికముచేత మంచి యోగములెన్నియో యొక్కొక్క వంశముతో నంతరించిపోయినవి. ఐనను మూలికను చూపినవాడే దాని మోతాదును, అనుపానమును, పథ్యమును గూడ చెప్పెడివాడు. శిష్యుడు పొరపడినచో చేయిపట్టి యాపెడివాడు. ఆ చేయిపట్టి యాపుట యెంత విలువగలదో ముందు చెప్పబోవు కథలవలన మీకే తోచును.

చరకుడు తన సంహితయందలి సూత్రస్థానములో వైద్యులను రెండు తెగలుగ విభజించెను. ప్రాణమును నిలుపువారు ప్రాణాభిసరులు. రోగమునకు తోడుపడువారు రోగాభిసరులు. ఈ రెండవ తెగవారి వర్ణన చదివినపుడెల్ల నాకు నవ్వు వచ్చును. వారు వైద్యుని వేషము ధరించి వీథులవెంట తిరుగుదురట. ఎవరికో జబ్బుచేసినదని చెవిని పడగానే వచ్చి వాలుదురట. తమ ప్రజ్ఞను తామే బిగ్గఱగ చాటుకొందురట. తెలిసినవారు ప్రశ్నింపగానే తప్పుకొందురట. ఈ తెగవారికి నేడు వీథులు తిరుగవలసిన శ్రమ తప్పినది. ఫోనులో కనబడిన చాలును.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట బసవరాజీయమువంటి గ్రంథములు పుస్తకముల యంగళ్ళలో దొరకజొచ్చెను. అక్షరజ్ఞానమున్న ప్రతివాడును యోగములను చదువగలిగెను. వెనువెంటనే పత్రికలును, వాటితో మందుల ప్రకటనలును వచ్చినవి. ఈ ప్రకటనలన్నియు నిరసింపదగినవి కావు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును ప్రారంభించి, ఆ యార్జనతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. తలనొప్పి మందు తెలుగువారికి పత్రికనిచ్చినదనిన నతిశయోక్తి కాదు. ఐనను వేఱు కొందఱు మధుమేహమునుండి చెవుడువఱకును ఒక్క సీసాతో మాన్పుదుమని ముద్రించుచు వచ్చిరి. తుదకు 1954లో ప్రభుత్వమువారు మందుల ప్రకటనలనుగూర్చియు, మాంత్రిక చికిత్సలనుగూర్చియు ఒక చట్టము చేసి, పుట్టకుఱుపు, మధుమేహము, మూర్ఛ మొదలగు పేర్కొన్న వ్యాధులను కుదుర్తుమని ప్రకటించుటయే నేరమని విధించిరి. చట్టము నేటికిని కలదు, ప్రకటనలును కలవు.

ఇక నేను ముఖ్యముగ చెప్పదలచిన కథ మశూచికమునకు సంబంధించినది. ఆ వ్యాధినెఱిగిన తరము క్రమముగ గతించుచున్నది. ఊరిలో నమ్మవారు పోసినదనిన తలుపులకు వేపమండలు కట్టి, బిడ్డలు కన్నులతో, ప్రాణములతో మిగులుదురో లేదో యని తల్లులు దినములు లెక్కించిన వ్యాధి యది. ఆంగ్లవైద్యుడు జెన్నరు ఆవుల పొదుగునకు వచ్చు స్వల్పమైన పొక్కుల రసమును మనుష్యుని చేతికి గీచినచో మశూచికము రాదని 1796లో పరీక్షించి, 1798లో ప్రకటించెను. 1802 జూను 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక కొకతెకు మన దేశమున తొలి టీకా వేయబడెను. ఆ దినములలో రసమును నిలువచేయు సాధనములు లేవు. ఒకరి చేతి పొక్కునుండి రసము తీసి మఱియొకరి చేతికి గీచెడివారు. ఎవరి రసము ఎవరి శరీరములో ప్రవేశించునో యని కులాచారముగలవారు జంకిరి. అమ్మవారికి కోపము వచ్చునని మఱికొందఱు వెఱచిరి.

అప్పుడు చెన్నపట్టణములో ఎల్లిసు దొర యుండెను. ఇతడు మనకు పరాయివాడు కాడు. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో నొక కుటుంబమునకు చెందినదనియు 1816లో కేంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో నిరూపించినవాడు. ఇంతటి విద్వాంసుడు టీకాను జనుల కంగీకారయోగ్యముగ చేయవలెనని తలచి, దేవతలను, గోవును కూర్చి, టీకా మన పూర్వులు చెప్పినదే యనునట్లు ఒక పురాణకథను కల్పించెను. 1819 జనవరిలో మద్రాసు కొరియరు పత్రికలో, విద్యాప్రియుడని యర్థమిచ్చు తమిళపు మాఱుపేరుతో ఒక లేఖ వెలువడెను. ధన్వంతరి రచించిన శాక్తేయగ్రంథములో ఆవుపొక్కు టీకా యున్నదని ఆ లేఖ చెప్పినది. ఇదియు ఎల్లిసుదే కావచ్చునని పరిశోధకులలో కొందఱి యూహ. ఆతడా సంవత్సరమే రామనాథపురములో మృతినొందెను.

ఆ లేఖలోని విధానమును పండితుడెవడు చదివినను సందేహింపక మానడు. ఆవు పొదుగుమీది పొక్కునుండి గాని, మనుష్యుని భుజమునకును మోచేతికిని నడుమనున్న పొక్కునుండి గాని రసమును శస్త్రాగ్రమున గ్రహించుమని యందు కలదు. ఇది అక్షరాల జెన్నరు పద్ధతియే! మసూరికను చరక సుశ్రుతులు స్వల్పముగ పేర్కొనిరి. మాధవనిదానము దానికి ప్రత్యేకాధ్యాయమునే కేటాయించినది. వీనిలో నెచ్చటను ఆవుపొక్కు ప్రస్తావన లేదు. శాక్తేయగ్రంథపు ప్రతి ఏ భాండాగారమునను కానరాలేదు. ఐనను ఆ వార్త సముద్రములు దాటి ఐరోపా వైద్యనిఘంటువుల కెక్కెను. అచ్చటనుండి మరలివచ్చి మన పుస్తకములలో ప్రమాణమై కూర్చుండెను. నేటికిని అంతర్జాలములో నిది స్వదేశాభిమానుల చేతులలో తిరుగుచునే యున్నది. వంగదేశములో మశూచికపు పొక్కురసమునే స్వల్పముగ గీచి రోగమును తేలికపఱచు నాచారము మాత్రము నిజముగ నుండినది. 1767లో హాల్వెలు దానిని వర్ణించెను. ఉన్న గొప్పను విడిచి లేనిగొప్పను మోయుటలో లాభమేమో నాకు తెలియదు.

ఎల్లిసు బిడ్డలను బ్రతికింపవలెననియే యబద్ధమాడెనని నేను నమ్ముదును. ఆతని యుద్దేశమును నిందింపను. పనిని మాత్రము మెచ్చుకొనలేను. కల్పిత గ్రంథమువలన జనులు గుంపులుగ వచ్చి టీకాలు వేయించుకొనలేదు. 1880లో చట్టము చేయవలసివచ్చెను. 1975లో మన దేశమున మశూచికము కడపటిసారి కనబడెను. 1980లో లోకమునుండియే తొలగినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. దానిని తొలగించినది ఇల్లిల్లు తిరిగిన టీకాపనివారు.

ఇందుకు ఎదురుగ నిలుచునట్టి మఱియొక సంగతి కలదు. 1971లో తూర్పు బంగాళమునుండి లక్షలకొలది కాందిశీకులు మన దేశమునకు వచ్చిరి. పశ్చిమబంగాళములోని బనగాం శిబిరమున కలరా చెలరేగెను. నరములద్వారా నెక్కించు సెలైను నిండుకొనెను. అప్పుడు దిలీప్ మహలనవీసు అను వైద్యుడు ఉప్పు, గ్లూకోసు, వంటసోడాలను తూచి పొట్లములు కట్టించి, నీటిలో కలిపి త్రాగించుడని తల్లులకే యప్పగించెను. నూటికి ముప్పదిమందివఱకు నుండిన మరణములు నూటికి సుమారు నలుగురికి దిగినవి. ఆ కలుపు విధమును కరపత్రములుగ ముద్రించి సరిహద్దున పంచిరి. బంగ్లాదేశపు రహస్య రేడియోలోగూడ ప్రసారము చేసిరి. రేడియోలో చెప్పిన వైద్యము ఇన్ని ప్రాణములను నిలుపుట, రేడియోలో ప్రసంగించు నాకు కొంత సంతోషమును కలిగించు విషయమని దాచనేల?

కాని ఆ వైద్యమునకు కొలత కలదు. ఇంటిలో చేయునపుడు కాచి చల్లార్చిన యొక లీటరు నీటికి, చిన్న చెంచాతో తలకొట్టి ఆఱు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు మీఱినచో పసిబిడ్డకు ప్రాణాపాయము. విధమును చెప్పినవారు కొలతను గూడ చెప్పిరి గనుకనే యది యమృతమైనది.

అంతర్జాలము మన దేశపు సామాన్యులకు 1995లో తెఱవబడెను. 1998లో అమెరికా ప్రభుత్వపు వైద్యగ్రంథాలయమువారు సామాన్యజనుల కర్థమగు భాషలో వ్యాధులనుగూర్చిన సమాచారమును మెడ్‌లైన్‌ప్లస్ అను పేర నందులో నుంచిరి. 2020లో మన కేంద్రప్రభుత్వపు ఈసంజీవని ద్వారా ఇంటనుండియే వైద్యునితో మాటలాడు సౌకర్యము కలిగినది. నోరు విప్పి చెప్పుకొనుటకు సిగ్గుపడు స్త్రీలు, క్షయయని తెలిసినచో నలుగురేమనుకొందురో యని కుములువారు, రహస్యముగ చదివి ధైర్యము తెచ్చుకొని వైద్యుని చేరుటకు ఇది మార్గమైనది. వైద్యుడు తొందరలో చెప్పక విడిచినదానిని రోగి తీఱికగ చదువుకొనుటయు మేలే.

కీడు మాత్రము పాతదే, వేగము క్రొత్తది. ఎక్కువమంది చూచినదానినే మఱింత మందికి చూపుట ఆ యంత్రముల స్వభావము. భయపెట్టునదియు, ఆశపెట్టునదియు ఎక్కువమంది చూతురు. తలనొప్పి యని యడిగినవానికి మెదడులోని గడ్డవఱకును చదివించి రాత్రి నిద్రలేకుండ చేయును. 2020 ఏప్రిలులో, కరోనా భయముతో దేశమంతయు తలుపులు మూసికొనియున్న దినములలో, మన చిత్తూరు జిల్లాలో కొందఱు గ్రామస్థులు అప్పట వాడుకలోనుండిన టిక్‌టాకులో నొక దృశ్యమును చూచిరి. ఉమ్మెత్తకాయ ముండ్లతో గుండ్రముగ కరోనా పురుగు చిత్రమువలె నుండును గనుక దాని గింజలు ఆ రోగమునకు మందని యందులో చెప్పబడెనట. పిల్లలతోగూడ త్రాగి, తెలివితప్పి, ఆసుపత్రి పాలై బ్రతికి బయటపడిరి. ఉమ్మెత్తను మన శాస్త్రములు ఉపవిషములలో చేర్చినవి. శుద్ధిచేయక, మోతాదు తెలియక దానిని తాకరాదని పల్లెలో పసులకాపరి యెఱుగును. ఆ దృశ్యములో నుండినది మొక్క మాత్రమే. చేయిపట్టి యాపువాడు లేడు.

మఱియొక చిక్కు కూడ కలదు. ఫోనులో మాటకు వయస్సు కనబడదు. పాముకాటును కోసి, పొటాషు పర్మాంగనేటు అద్దుమని ఇరువదవ శతాబ్ది యారంభపు వైద్యగ్రంథములు బోధించినవి. నాటి పండితవైద్యులే యట్లు నమ్మిరి. తరువాత నది హానికరమని తేలినది. కాని యా పాతపుస్తకపు పుటయు, నేటి వైద్యుల మాటయు ఫోనులో ప్రక్కప్రక్కనే, ఒకే కాంతితో వెలుగుచుండును. కావున ఎవరు చెప్పిరో, ఏ సంవత్సరమున చెప్పిరో, చెప్పి యేమి యమ్మజూచుచున్నారో ఈ మూడింటిని మనుమనిచేత చదివించి వినుడు.

పాముకాటు మాట వచ్చినది గనుక నేటి వైద్యుల విధిని చెప్పి విరమింతును. కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. ఉంగరములు, కడియములు తీసివేసి, కాటుపడిన కాలిని గాని చేతిని గాని కదలనీయక, నడిపింపక, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. అది మీ యూరికి దగ్గఱలో నెచ్చట నున్నదో రేపే విచారించి, రచ్చబండ ప్రక్క గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించియుంచుడు.