పొద గులాబీలు: బస్తర్ పెరటి సాగు
బస్తర్‌లో గులాబీకి అసలు శత్రువు ఎండ కాదు, వాన. జగ్దల్‌పూర్ ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకు సరిగా ఆరదు. నల్లమచ్చ తెగులు తెచ్చే డిప్లోకార్పన్ రోజే శిలీంధ్రానికి కొన్ని గంటల ఎడతెగని తడి చాలు. అంచులు చెదిరిన నల్ల మచ్చ, చుట్టూ పసుపు, ఆపై ఆకు రాలుడు. నర్సరీల్లో మెరిసే హైబ్రిడ్ టీ రకాలు దీనికి త్వరగా లొంగిపోతాయి. తట్టుకునే పొద రకాల్లో, అమెరికాలో విలియం రాడ్లర్ రూపొందించగా 2000లో విడుదలైన నాకౌట్ ప్రసిద్ధం. అయితే మన వెచ్చని నేలలకు దగ్గరివి, విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్ కొడైకెనాల్‌లో చేసిన సంకరాలు. నీరు నిలిచే నేలను ఓర్చే దేశీ అడవి గులాబీ రోజా క్లైనోఫిల్లాను ఆయన వాడారు. ఎత్తు మడి, మూడడుగుల ఎడం, మొక్క మొదట్లోనే నీరు, వానలు వెళ్ళాక కత్తిరింపు ఉంటే మందు పిచికారీ పని తగ్గుతుంది. రాలిన ఆకును మాత్రం ఏరి తీసేయాలి. తెగులు మళ్ళీ అక్కడినుంచి లేస్తుంది.